ఎనిమిది వేల డాలర్ల 335ఐ: ఆ మెసేజీ చెప్పనివి

అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్నవాళ్ళు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు ఉండే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజీ తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: "కొత్త కరోలాకి లోన్ కట్టే బదులు ఎనిమిది వేల డాలర్లకి పాత బీఎండబ్ల్యూ 335ఐ కూపే కొనండి. ట్విన్ టర్బో (ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే టర్బోలు రెండు), 300 హార్స్‌పవర్, ట్యూన్ చేస్తే (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మారిస్తే) 400. మెయింటెనెన్స్ ఎక్కువన్నది డీలర్లు పుట్టించిన భయం. లోపాలన్నీ కంపెనీయే రీకాల్‌లో సరిచేసింది. ఆయిల్ 15,000 మైళ్ళకోసారి మారిస్తే చాలు, మిగతాది యూట్యూబ్ చూసి మనమే చేసుకోవచ్చు. ఏడాది తోలి అదే ధరకి అమ్మెయ్యొచ్చు."

ఈ కారంటే నాకు ప్రాణం. 2007, 2008 రెండేళ్ళూ ఇంటర్నేషనల్ ఇంజిన్ ఆఫ్ ద ఇయర్ అవార్డు దీనిలోని ఎన్54 ఇంజిన్‌కే వచ్చింది. హైవే ఎక్కే ర్యాంపు మీద ఆ ఆరు సిలిండర్ల లాగుడు ఒక్కసారి చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 300 హార్స్‌పవర్ అన్నది అక్షరాలా నిజం. కానీ దాని కింద రాసిన మాటలు నమ్మి, చేతిలో ఉన్న మొత్తం డబ్బు కారు మీదే పెట్టేస్తున్న పిల్లల్ని చూస్తుంటే ఊరుకోబుద్ధి కావడం లేదు.

ధర తక్కువ కాబట్టి ఖర్చూ తక్కువే అన్న ఊహ దగ్గరే లెక్క తప్పుతోంది. కొత్తలో ఈ కారు 40 వేల డాలర్ల పైమాట. పాతబడేకొద్దీ పడిపోయింది కారు ధర మాత్రమే. ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే పీజో ఇంజెక్టర్లు ఆరుంటాయి, ఒక్కొక్కటీ వందల డాలర్లు. టర్బోలు రెండూ మార్పించాల్సి వస్తే, లేబర్‌తో కలిపి బిల్లు మీరు కారు కొన్న ధరకి దగ్గరగా వస్తుంది. డీలరు దగ్గరికి వెళ్ళకుండా ఇండిపెండెంట్ షాపుకి వెళ్తే లేబర్ తగ్గుతుంది, నిజమే. పార్టు ధర మాత్రం పెద్దగా తగ్గదు.

"రీకాల్‌లో సరిచేశారు" అన్న మాటలో సగమే నిజం. హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు కోసం బీఎండబ్ల్యూ 2010 అక్టోబరులో రీకాల్ ప్రకటించింది. ఆ పంపుకి వారంటీని 10 ఏళ్ళు లేదా 1,20,000 మైళ్ళకి పెంచింది. టర్బో ఒత్తిడిని అదుపు చేసే వేస్ట్‌గేట్ల గలగలకి విడిగా 8 ఏళ్ళు లేదా 82,000 మైళ్ళ పొడిగింపు ఇచ్చింది. 2010 మోడల్ కారుకైనా ఈ గడువులు ఎప్పుడో దాటిపోయాయి. ఇప్పుడు ఏది పోయినా జేబులోంచే పెట్టుకోవాలి. కొనేముందు విన్ నంబరుతో (కారు గుర్తింపు సంఖ్య) అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో తీరని రీకాల్స్ ఉన్నాయేమో చూడండి. ఈ తరం 3 సిరీస్ కార్లు టకాటా కంపెనీ చేసిన లోపాల ఎయిర్‌బ్యాగ్‌ల రీకాల్‌లో కూడా ఉన్నాయి. అది తీరకుండా ఉంటే కారు ఎంత మెరుస్తున్నా దాంట్లో ఎక్కకండి, ముందు బ్యాగ్ మార్పించుకోండి. దానికి డబ్బు తీసుకోరు.

ఇక భయం పుట్టించారన్న ఆరోపణ. దీనికి ఒకే ఒక్క గాస్కెట్ కథ చాలు. ఇంజిన్ ముందు భాగంలో ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ ఉంటుంది. దాని కిందుండే రబ్బరు గాస్కెట్ ఏళ్ళ తరబడి వేడికి గట్టిపడి ఆయిల్ చెమర్చడం మొదలుపెడుతుంది. గాస్కెట్ ఖరీదు కొద్ది డాలర్లే. కారిన ఆయిల్ మాత్రం సరిగ్గా ఇంజిన్ ముందు తిరిగే సర్పెంటైన్ బెల్టు మీద పడుతుంది. తడిసిన బెల్టు జారుతుంది, పీలికలవుతుంది. ఆ పీలికలు క్రాంక్‌షాఫ్ట్ ముందు సీల్‌లోంచి ఇంజిన్ లోపలికి చొరబడి ఆయిల్ పీల్చుకునే పికప్ గొట్టానికి అడ్డం పడితే, ఆయిల్ అందక మొత్తం ఇంజిన్ పోతుంది. ఈ జబ్బు ఈ ఇంజిన్లు చూసే ప్రతి మెకానిక్‌కీ తెలుసు. డీలరు కల్పించింది కాదు. బానెట్ ఎత్తి ఫిల్టర్ హౌసింగ్ చుట్టూ టార్చి వేసి చూస్తే తడి కనబడుతుంది.

ఇంజిన్‌ని చల్లగా ఉంచే ఎలక్ట్రిక్ వాటర్ పంపుదీ ఇలాంటి సంగతే. మామూలు పంపులా ముందే కీచుమనో, నీళ్ళు కారడం మొదలుపెట్టో చెప్పదు. ఒకరోజు ఫ్రీవే మీద ఉన్నట్టుండి ఎర్ర లైటు వెలుగుతుంది, కారు పక్కకి తీయాల్సిందే. పంపు, థర్మోస్టాట్ ఎప్పుడు మార్చారో రసీదు లేకపోతే అవి మార్చలేదనే లెక్కేసుకుని బేరమాడండి. పెట్రోలుని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ కావడం వల్ల అది ఇన్‌టేక్ వాల్వుల్ని కడగదు. వాటి మీద కార్బన్ పేరుకుంటుంది, వాల్‌నట్ పెంకుల పొడి కొట్టి శుభ్రం చేయించాలి.

ఆయిల్ విషయంలో మెసేజీ రాసినవాళ్ళు కంపెనీ మాటనే ఉటంకించారు, అబద్ధం చెప్పలేదు. అప్పట్లో కంపెనీ చెప్పిన గడువు దాదాపు 15,000 మైళ్ళే. అదే కంపెనీ 2014 మోడళ్ళ నుంచి దాన్ని 10,000కి తగ్గించింది. పదిహేనేళ్ళు దాటిన టర్బో ఇంజిన్‌కి నేనైతే 5,000 దాటనివ్వను. బీఎండబ్ల్యూ వారి ఎల్ఎల్-01 ప్రమాణం ఉన్న ఆయిల్ ఆరున్నర లీటర్లు పడుతుంది. పైగా ఈ కారుకి ఆయిల్ కొలిచే కడ్డీ (డిప్‌స్టిక్) లేదు, లెవెల్ స్క్రీన్ మీదే చూసుకోవాలి. పెట్రోలు 91 ఆక్టేన్ ప్రీమియం పోయాలి. 87 రెగ్యులర్ పోసి పొదుపు చేద్దామనుకునేవాళ్ళు వేరే కారు చూసుకోవడం మేలు.

యూట్యూబ్ చూసి చేసుకోవచ్చా? కొన్ని చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా. ప్లగ్గులు, కాయిల్స్, ఆయిల్, ఎయిర్ ఫిల్టర్ ఎవరైనా నేర్చుకోగల పనులే, డబ్బు బాగా మిగులుతుంది. కానీ ఇంజెక్టర్ మారిస్తే దాని కోడ్ కంప్యూటర్‌లో ఎక్కించాలి, బ్యాటరీ మారిస్తే రిజిస్టర్ చేయాలి. అందుకు స్కానర్ కావాలి. చాలా అపార్ట్‌మెంట్ లీజుల్లో పార్కింగ్‌లో రిపేర్లు చేయకూడదని రాసి ఉంటుంది. వాటర్ పంపు మార్చడానికి కారు కిందికి దూరాలి. గ్యారేజీ లేని విద్యార్థి ఎక్కడ దూరతాడు?

ట్యూన్ చేసి 400 తీయడం ఈ ఇంజిన్‌కి అసాధ్యమేమీ కాదు. అయితే బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పెంచితే ముందు ఆ గాలిని మోసే ప్లాస్టిక్ చార్జ్ పైపు పగులుతుంది, ఇంజెక్టర్ల బలహీనత అప్పుడే బయటపడుతుంది. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసిన కారైతే ఇంకో తలనొప్పి. టెక్సస్ 2025 నుంచి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేసినా డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ ప్రాంతాల్లో ఎమిషన్ టెస్టు అలాగే ఉంది. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంటే రిజిస్ట్రేషన్ ఆగుతుంది.

మరి కొనొద్దా? మీ దగ్గరున్నది మొత్తం ఎనిమిది వేలే అయితే 335ఐ వద్దు. అదే ఆకారం కావాలంటే 328ఐ కూపే చూడండి. టర్బో లేదు, 230 హార్స్‌పవరే, కానీ హై ప్రెషర్ పంపు, వేస్ట్‌గేట్, కార్బన్ గొడవలు మూడూ లేవు. గాస్కెట్, వాటర్ పంపు బాధ దానికీ తప్పదు. 335ఐ మీదే మనసుంటే కారు ధర కాక కనీసం మూడు వేలు విడిగా పెట్టుకోండి, వీలైతే సింగిల్ టర్బో ఎన్55 ఇంజిన్ వచ్చిన 2011 మోడల్ వైపు చూడండి. అమ్మేవాళ్ళని ఇంజిన్ చల్లగా ఉంచమని ముందే అడగండి. స్టార్ట్ కావడానికి ఎక్కువసేపు తిరిగితే ఫ్యూయల్ పంపుని అనుమానించండి. వేడెక్కాక యాక్సిలరేటర్ వదిలినప్పుడు గలగలమంటే అది వేస్ట్‌గేట్. ఆ తర్వాత బీఎండబ్ల్యూలు చూసే షాపులో ఇన్‌స్పెక్షన్ చేయించండి. ఒప్పుకోని అమ్మకందారుకి నమస్కారం పెట్టి వచ్చేయండి. అమెరికాలో డ్రైవింగ్ చరిత్ర లేని కుర్రవాడికి ఈ కూపే మీద ఇన్సూరెన్స్ ఎంతో అడ్వాన్స్ ఇవ్వకముందే కోట్ తీసుకోండి.

అదే ధరకి అమ్మెయ్యొచ్చన్న మాటే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. రసీదులన్నీ ఉన్న కారుకి, కారణం తెలిసి వెతుక్కుంటూ వచ్చే కొనుగోలుదారు దొరుకుతాడు. కానీ ఆ మనిషి దొరకడానికి నెలలు పడుతుంది. హెచ్-1బీ వీసా మీదున్నవాళ్ళ ఉద్యోగం పోతే వాళ్ళకి దేశంలో ఉండటానికి మిగిలేది గరిష్ఠంగా 60 రోజులు. లైటు వెలుగుతున్న 335ఐని ఆ గడువులో వదిలించుకోవాలంటే, డీలరు ఎంతంటే అంతకి తాళాలిచ్చి రావాలి.