వరదల వల్ల, వరదల వల

గోదావరి పొంగే రోజుల్లో మా కోనసీమలో బడి పిల్లలకు కూడా ఆరు అంకెలు నోటికి వస్తాయి. భద్రాచలం 43, 48, 53. ధవళేశ్వరం 11.75, 13.75, 17.75. అడుగుల లెక్కన మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలు. పేపర్లో వచ్చే ఆ బాక్సు ఐటమ్ కత్తిరించి తెల్లకాగితం మధ్యలో అతికించండి. పైనా కిందా ఏమీ రాయొద్దు. అర్ధరాత్రి లంకలోంచి గేదెల్ని ఏటిగట్టు మీదికి తోలుకొచ్చిన మనిషి ఆ పేజీ దగ్గర ఆగకుండా పోలేడు. దొరికిన కవిత్వం అంటే ఇదే. కవి ఇక్కడ రాయడు, ఏరతాడు.

ఎవడో రాసింది కత్తిరించి అతికిస్తే కవిత్వం ఎలా అవుతుందని నన్ను నిలదీసినవాళ్లున్నారు. వాళ్లే అవధానానికి వెళ్తే సమస్యాపూరణానికి చప్పట్లు కొడతారు. అక్కడా ఒక పాదం పరాయిదే కదా! తేడా లేకపోలేదు. పృచ్ఛకుడు ఇచ్చిన పాదం ఎంత అసంబద్ధంగా ఉన్నా, అవధాని మిగతా మూడు పాదాలతో దాన్ని దారికి తెస్తాడు. కోలాజ్ చేసేవాడు, అంటే ముక్కలు అతికించి బొమ్మో కవితో చేసేవాడు, దాని పెడసరాన్ని అలాగే ఉండనిస్తాడు. నా మొగ్గు ఈ రెండోవాడి వైపే.

పికాసో 1912లో కుర్చీ అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను బొమ్మలో అతికించాడనీ, 1920లో కవి ట్రిస్టన్ జారా పేపర్ ముక్కల్ని సంచిలో వేసి కుదిపి కవిత చేసుకోమన్నాడనీ అందరూ చెప్పేదే. నాకు పనికొచ్చిన పాఠం టామ్ ఫిలిప్స్‌ది. ఈ చిత్రకారుడు 1966లో లండన్‌లో, పాత సామాన్ల గోదాములో, 1892 నాటి నవల ఒకటి మూడు పెన్నీలకు కొన్నాడు. ప్రతి పేజీనీ రంగులతో, గీతలతో కప్పేసి, అక్కడక్కడా కొన్ని మాటల్ని మాత్రం బుడగల్లా తేల్చాడు. చివరి కూర్పు వచ్చింది 2016లో. యాభై ఏళ్లు ఒక్క పుస్తకం మీదే! ఆ నవలలో లేని నాయకుడొకడు ఇందులో పుట్టాడు. ‘టుగెదర్’ అనే ఇంగ్లిషు మాటలో మొదటి నాలుగు అక్షరాలే అతని ఇంటిపేరు. అందుకని ఆ మాటో, ‘ఆల్టుగెదర్’ అనే మాటో ఉన్న పేజీల్లోనే అతను కనిపించగలడు.

ఇది చూసి నేనూ కత్తెర పట్టుకుని చాలా కాయితాలు పాడుచేశాను. ఇంగ్లిషు మాట అడ్డంగా తెగినంత సులువుగా మన మాట తెగదు. ‘ఊరొదిలి’లో ‘ఊరు’ మాత్రమే కావాలని కోస్తే చేతికి ‘ఊరొ’ వస్తుంది. సంధి ఒప్పుకోదు. నల్ల మార్కరుతో వరుసలు కొట్టేసే పద్ధతీ మనకు అంతంతమాత్రమే. చౌక అచ్చులో పై వరుస ఒత్తులూ కింది వరుస గుడులూ ఒకదానిలోకి ఒకటి దూరి ఉంటాయి. మార్కరు రెంటినీ మింగేస్తుంది.

దారి దొరికింది పొరపాటున. పంచాయతీ గోడ మీంచి ఊడిపడిన పాత వరద నోటీసు ఒకటి కోస్తున్నాను. ‘వరదల వల్ల’ దగ్గర కత్తెర కాస్త పైకి జరిగింది. ల కింద ఉన్న ఒత్తు తెగి కింద పడింది. కాయితం మీద ‘వరదల వల’ మిగిలింది. ఆ రోజు ఇంక వేరే పనేం చెయ్యలేకపోయాను. తర్వాత కావాలనే వెతికాను. ఒత్తు తెగితే ‘కల్ల’ కల అవుతుంది. ‘నమ్మకం’ నమకం అవుతుంది, శివాలయంలో వినిపించే నమకం. మన లిపిలో అర్థం వరుస కిందికి కూడా వేలాడుతుంది. కత్తెర అక్కడ తిరగాలి. పడమటి పుస్తకాల ఫొటోలు చూసి నలుపు పులిమే మన కుర్రకారు ఇది పట్టించుకోకపోవడం నాకు కాస్త కష్టంగానే ఉంటుంది.

సర్కారీ తెలుగులో ఇంకో నిధి ఉంది. ‘తెలియజేయడమైనది’, ‘మంజూరు చేయబడినది’, ‘పరిశీలనలో ఉన్నది’. ఎవరు తెలియజేశారో, ఎవరు పరిశీలిస్తున్నారో ఉండదు. 1996 నవంబరు తుపాను తర్వాత ఇంట్లో పోగుపడిన కాయితాల జిరాక్సుల్లోంచి ఇలాంటి క్రియలే ఏరి ఒక పేజీ నింపాను. ఒక్క కర్త లేడు. పేజీ నిండా పని జరుగుతూనే ఉంది.

‘వరదల వల’ను ఫోన్‌లో టైపు చేసి మిత్రులకు పంపితే ఇద్దరు బొటనవేలు బొమ్మ పెట్టారు. తప్పు వాళ్లది కాదు. టైపు చేస్తే అది రెండు మాటలు, అంతే. కాయితం మీద అయితే ‘వల’ అడుగున తెగిన ఒత్తు మొదలు ఇంకా నల్లగా కనిపిస్తుంది. పక్కన బురద మరక, వెనక ఎండిన గోడ సున్నం. ఇలాంటివి పుస్తకంగానే ఉండాలని నేను మొండికేసేది అందుకే. నాది పన్నెండు ఆకుల పుస్తకం, వల అల్లే నైలాన్ దారంతో కుట్టాను. మైదా జిగురులో మైలుతుత్తం కలపమని పాత బైండింగ్ మేస్త్రి ఒకాయన చెబితే, రంగు మారుతుందని మానేశాను. రెండో వానాకాలానికి నాలుగో ఆకు పురుగుల పాలైంది. డెల్టా తేమతో వాదించి గెలిచినవాడు లేడు.

దొరికిన కాయితమల్లా మనది కాదు కూడా. అమెరికాలో లా చదివిన చార్లెస్ రెజ్నికాఫ్ పాత కోర్టు తీర్పుల సంపుటాల్లోంచి, 1885 నుంచి 1915 మధ్య కేసుల్లోంచి, కవితలు తీశాడు. మనుషుల పేర్లన్నీ మార్చేశాడు, ఊళ్ల పేర్లూ మార్చాడు. నా దగ్గర వరద సాయం పొందినవాళ్ల జాబితా ఒకటుంది. ఎదురుగా వరసగా వేలిముద్రలు. పేర్లు కోసేసి ముద్రలు మాత్రం అతికిస్తే అద్భుతంగా ఉంటుందని తెలుసు. ఆ ‘అద్భుతంగా’ అన్న మాట దగ్గరే నాకు గొంతు పట్టేస్తుంది. అది ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.

పుస్తకంలో ఆఖరి ఆకు ఖాళీ. అక్కడికి అనుకున్నది మా తాతగారి పేర ఉన్న లంకభూమి దస్తావేజు. తూర్పు కొబ్బరితోట, దక్షిణం పుంత, పడమర పంటబోదె, ఉత్తరం గోదావరి. ఈ హద్దుల మధ్య ఉన్న భూమిని నిధి నిక్షేప జల పాషాణాది అష్టభోగాలతో పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించమని లేఖరి వంకరలేని చేతిరాతతో రాశాడు. ఉత్తరపు హద్దు ఏటేటా కోసుకుంటూ దక్షిణానికి జరిగింది. ఇప్పుడు ఆ పుంత దారి కూడా ఏట్లోనే ఉంది. నాలుగు హద్దుల్లోనూ ‘గోదావరి’ అన్న మాటే అతికించాలని నా ఆలోచన. దానికి ఆ లేఖరి రాసిన మాటే కావాలి, అదేమో దస్తావేజులో ఒక్కచోటే ఉంది. జిరాక్సులు తీసి చూశాను. నీలం సిరా బూడిదరంగులో వచ్చింది, స్టాంపు మసిమరకలా వచ్చింది.

కత్తెర పట్టుకుని అసలు కాయితం అడిగితే నాన్నగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“భూమి ఎలాగూ పోయింది. కాయితమన్నా ఉండనీరా.”

దస్తావేజు మళ్లీ ట్రంకు పెట్టెలోకి వెళ్లింది.