ఆస్పత్రి మంచానికి కార్డుంది, ఇంట్లో మంచానికి ఏముంది?

మా పెద్దమ్మకి రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చింది. తెనాలి దగ్గర పల్లెటూరు. గుంటూరులో ఒక ప్రైవేట్ ఆస్పత్రికి తీసుకెళ్లారు, పదకొండు రోజులు ఉంచారు, హెల్త్ కార్డు మీద చాలావరకు గడిచిపోయింది, ఆ విషయంలో మాకెవరికీ ఏ కంప్లైంటూ లేదు. డిశ్చార్జ్ రోజు ఇచ్చిన కాయితం చివర్లో మాత్రం రెండు ముక్కలు రాసున్నాయి, రోజూ ఫిజియోథెరపీ చేయించాలి, రెండు గంటలకోసారి పక్కకి తిప్పి పడుకోబెట్టాలి అని. ఆ రెండు ముక్కల బరువు మొత్తం మా వదిన మీద పడింది.

రెండు గంటలకోసారి అంటే పగలు ఎలాగో అయిపోద్ది, రాత్రి పదింటికి, పన్నెండింటికి, రెండింటికి, నాలుగింటికి కూడా లేవాలి కదా, ఫోన్లో అలారాలు పెట్టుకుని లేచేది. మోకాలు మడిచి, భుజం కిందా నడుం కిందా చేతులు పెట్టి, పక్కదుప్పటి అంచు పట్టుకుని లాగి తిప్పడం ఎలాగో ఆవిడకి ఆస్పత్రిలో ఎవరూ చూపించలేదు, యూట్యూబ్‌లో చూసి నేర్చుకుంది. మూడో వారంలో తుంటి వెనకాల రూపాయి బిళ్లంత ఎర్రమచ్చ కనిపించింది, ఏదో ఒరుసుకుపోయిందిలే అనుకుని పౌడర్ రాశారు, పది రోజులకి అది పుండైపోయింది. ఊళ్లో ఆర్ఎంపీ వచ్చి డ్రెస్సింగ్ చేసేవాడు, వచ్చిన ప్రతిసారీ మూడొందలు. ఎయిర్ బెడ్డు, డైపర్లు, యూరిన్ బ్యాగులు, ఫిజియో అబ్బాయికి రోజుకి నాలుగొందలు, ఇవన్నీ ఎక్కడ క్లెయిమ్ చేసుకోవాలని అడిగితే ఎక్కడా కుదరదన్నారు, అడ్మిషన్ ఉంటేనే అంట. వదిన కుట్టుమిషను మీద నెలకి ఎనిమిది తొమ్మిది వేలు సంపాదించేది, అదీ ఆగిపోయింది. ఆ పోయిన సంపాదన ఎవరి లెక్కలోనూ లేదు.

నా బాధంతా ఇక్కడే. మన దగ్గర హెల్త్ ఇన్సూరెన్స్ అంటే ఆస్పత్రి మంచానికే. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ రావడం నిజంగా పెద్ద మార్పు, గుండె ఆపరేషన్ కోసం పొలం అమ్ముకున్న రోజులు చూసినవాళ్లకి దాని విలువ తెలుసు. 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చింది, 2024 అక్టోబర్ 29 నుంచి 70 ఏళ్లు దాటినవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా కుటుంబానికి ఏడాదికి 5 లక్షల కవర్ ఇస్తున్నారు, చాలా మంచిది. కానీ ఆ స్కీములో డిశ్చార్జ్ అయ్యాక 15 రోజుల ఖర్చే లెక్కలోకొస్తుంది. ప్రైవేట్ పాలసీల్లో అయితే మామూలుగా రెండు మూడు నెలలు, డొమిసిలియరీ అని ఇంకో క్లాజు కూడా ఉంటుంది గానీ అది మనిషిని కదిలించలేనప్పుడో ఆస్పత్రిలో బెడ్ దొరకనప్పుడో ఇంట్లో చేసిన వైద్యానికి, ఏళ్ల తరబడి మంచాన ఉన్న మనిషిని చూసుకోవడానికి కాదు. పక్షవాతం, పార్కిన్సన్స్, మతిమరుపు జబ్బు, తుంటి ఎముక విరగడం, వీటిల్లో ఆస్పత్రి వంతు రెండు వారాలైతే ఇంటి వంతు ఐదేళ్లు, పదేళ్లు. 2017-18లో వయసు మళ్లినవాళ్ల మీద కేంద్రం చేయించిన లాసీ సర్వేలో 60 దాటినవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి స్నానం, బట్టలేసుకోవడం, మంచం దిగడం లాంటి పనుల్లో కనీసం ఒక్కదానికైనా ఇబ్బంది ఉందని తేలింది. ఇది ఎక్కడో ఒకరిద్దరి ఇంటి గొడవ కాదు.

ఈ దారిలో మనకంటే ముందు నడిచి దెబ్బతిని నేర్చుకున్న దేశం జపాన్. 1973లో అక్కడ 70 దాటినవాళ్లకి వైద్యం ఉచితం చేశారు. దాంతో ఏమైందంటే ఇంట్లో చూసే దిక్కులేని పెద్దవాళ్లు ఆస్పత్రుల్లో చేరి నెలలు, ఏళ్లు అక్కడే ఉండిపోయారు, జబ్బు కోసం కాదు, చూసుకునే మనిషి కోసం. ఖర్చు పెరిగిపోయి 1983లో ఆ ఉచితాన్ని ఆపారు, అయినా అసలు సమస్య అలాగే ఉంది, చివరికి 1997లో చట్టం చేసి 2000 ఏప్రిల్ నుంచి లాంగ్ టర్మ్ కేర్ ఇన్సూరెన్స్, అంటే చేతకానివాళ్లని రోజూ చూసుకోవడానికి ఇచ్చే బీమా, మొదలుపెట్టారు. మన ఆస్పత్రుల్లో అలా ఉండిపోవడం కుదరదు, మన స్కీములు ఎక్కువగా ప్యాకేజీ లెక్కన డబ్బిస్తాయి కాబట్టి మనిషిని ఎక్కువ రోజులు ఉంచుకుంటే ఆస్పత్రికి గిట్టదు, పంపించేస్తారు. జపాన్‌లో ఈ భారం ఆస్పత్రి బిల్లుల్లో కనిపించింది కాబట్టి ప్రభుత్వం కదిలింది, ఇక్కడ అదంతా మా వదిన నడుంనొప్పిలో దాక్కుంది, అందుకే ఎవరికీ పట్టట్లేదు.

వాళ్ల పద్ధతి కాస్త వివరంగా చెప్పాలి. 40 దాటిన ప్రతి ఒక్కరూ ప్రీమియం కట్టాలి, ఇష్టముంటే కట్టడం లేకపోతే మానేయడం ఉండదు. నడిపేది ప్రైవేట్ కంపెనీ కాదు, మున్సిపాలిటీ. ఖర్చులో సగం ప్రీమియంలు, సగం పన్నులు. ఇంట్లో పెద్దాయనకి చేతకాకపోతే అప్లై చేస్తే చాలు, ఒక మనిషి ఇంటికొచ్చి 74 అంశాలు చూస్తారు, పక్క మీద దొర్లగలరా, లేచి కూర్చోగలరా, మింగగలరా, ఇప్పుడు ఏ కాలమో చెప్పగలరా, ఇలా. దాన్నిబట్టి ఏడు మెట్లలో ఒకదాంట్లో వేస్తారు, ఆ మెట్టుని బట్టి నెలకి ఇంత సేవ అని లిమిట్, అందులో 10 శాతం మనం కట్టుకోవాలి, ఆదాయం ఎక్కువుంటే 20 లేదా 30. డాక్టర్ ఇంటికి రావడం మామూలు హెల్త్ ఇన్సూరెన్స్‌లో, హెల్పరూ, డే కేరూ, మంచం అద్దె ఈ ఇన్సూరెన్స్‌లో. కేర్ మేనేజర్ అని ఒకరు ఏ రోజు ఎవరు రావాలో వారం మొత్తానికి రాసిస్తారు. మంచం దిగలేనివాళ్లకి స్నానాల టబ్బునే వ్యాన్‌లో ఇంటికి తెచ్చి, నర్సుతో కలిపి ముగ్గురు వచ్చి స్నానం చేయిస్తారు. అది చదివి నేను చాలాసేపు అలా ఉండిపోయా, మా పెద్దమ్మకి తడిగుడ్డతో ఒళ్లు తుడవడమే గానీ తలమీద చెంబుడు నీళ్లు పడి ఎన్ని నెలలైందో.

అక్కడా కష్టాలున్నాయి. 65 దాటినవాళ్ల సగటు ప్రీమియం 2000లో నెలకి 2,911 యెన్లుండేది, 2024లో 6,225కి చేరింది. చేసే మనుషులు కూడా దొరకట్లేదు, మన తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఇక్కడి పిల్లలకి భాష నేర్పించి జపాన్‌లో పెద్దవాళ్లని చూసుకునే ఉద్యోగాలకి పంపిస్తోంది. ఆ పిల్లలు బాగుపడితే సంతోషమే. కానీ అదే పని మన మండలంలో చేస్తే దానికి ట్రైనింగ్ లేదు, సర్టిఫికెట్ లేదు, గౌరవం అంతకన్నా లేదు. హైదరాబాద్‌లో మా ఫ్రెండు వాళ్ల నాన్నకి 24 గంటల మనిషిని ఏజెన్సీ ద్వారా పెట్టుకున్నాడు, నెలకి పాతిక వేలు, ఆ అమ్మాయి చేతికొచ్చేది పదిహేను వేలు, రైల్స్ ట్యూబ్‌లోంచి, అంటే ముక్కులోంచి పొట్టలోకి వేసే గొట్టంలోంచి, జావ పోయడం ఆ ఇంట్లోనే మొదటిసారి చేసిందట.

మన దగ్గర అసలేమీ లేదనడం అన్యాయం. ఆంధ్రాలో 2024 జులై నుంచి పక్షవాతం లాంటివాటితో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి నెలకి 15,000 పెన్షన్ ఇస్తున్నారు, పేరుకి పెన్షనే గానీ నా దృష్టిలో అది జర్మనీ వాళ్లు 1995లో మొదలుపెట్టిన కేర్ ఇన్సూరెన్స్‌లో చేతికిచ్చే డబ్బుకి దగ్గరి చుట్టం. తేడా ఏంటంటే జర్మనీలో ఐదు మెట్లున్నాయి, ఇక్కడ ఈ రకానికి ఒకటే గీత, అంత దాకా రాని మనిషి ఆ గీతకి ఇవతలే ఉండిపోతారు. ఇంకోటి, అక్కడ ఇంట్లో మనిషి వారానికి కనీసం పది గంటలు సేవ చేస్తుంటే, కొన్ని షరతుల మీద, ఆ మనిషి పేరు మీద కేర్ ఇన్సూరెన్సే పెన్షన్ వాటా కడుతుంది. అంటే కోడలి చాకిరీని పనిగా ఒప్పుకున్నట్టే కదా. జపాన్‌లో మాత్రం చట్టం చేసేటప్పుడు మహిళా సంఘాలు డబ్బు చేతికివ్వొద్దని గట్టిగా అడ్డుపడ్డాయి, డబ్బిస్తే కోడలికి ఆ గది నుంచి విడుదల ఉండదని వాళ్ల భయం. నాకు రెండు వాదనలూ నిజమే అనిపిస్తాయి. వదినని అడిగితే డబ్బు మాట ఎత్తనే లేదు, వారంలో రెండు రాత్రులు ఎవరన్నా వచ్చి చూసుకుంటే పడుకుంటానంది. అందుకే డబ్బు కావాలో మనిషి కావాలో ఎంచుకునే వీలు ఇంటివాళ్లకే ఇవ్వాలంటాను.

ఇల్లు వదలకుండా వైద్యం చేయడం మన దేశంలో జరగనిదేం కాదు. కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలైన పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బుల్లో నొప్పీ బాధా తగ్గించే వైద్యం) పని ఊరూరికీ పాకి 2008లో ప్రభుత్వ పాలసీ అయింది, పంచాయతీ నర్సు ఇంటికెళ్లి పుండ్లు కడిగి వస్తుంది. తమిళనాడులో 2021 ఆగస్టు నుంచి బీపీ, షుగర్ మందులూ ఫిజియోథెరపీ గుమ్మం దాకా వస్తున్నాయి. తెలంగాణలో ఇలాంటి వైద్యాన్నే ఇంటికి తెచ్చే ఆలన వాహనాలున్నాయి, ఆంధ్రాలో ఫ్యామిలీ డాక్టర్ విధానం కింద మంచం మీదున్నవాళ్లని ఇంటికెళ్లి చూడాలని పెట్టారు. ఇవన్నీ స్కీములు, ప్రభుత్వం మారితే పేరు మారతాయి, ఊపు తగ్గుతాయి. ఇన్సూరెన్స్ అయితే అది హక్కు, నేను కట్టాను కాబట్టి నాకు రావాలి అని అడగొచ్చు. జీతగాళ్లూ పన్ను కట్టేవాళ్లూ 40 ఏళ్ల నుంచి కొంత కట్టాలి, లేనివాళ్ల తరఫున ప్రభుత్వం కట్టాలి, ఇంకో తగ్గింపు అడక్కుండా మనం ఒప్పుకోవాల్సిన మాట ఇది.

పిల్లలు చూసుకోవాలి గానీ దీనికి ఇన్సూరెన్సేంటి అనేవాళ్లు చాలామందే ఉంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5) ప్రకారం ఆంధ్రాలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు, తెలంగాణలో 1.8, ఆ ఇద్దర్లో ఒకరు బెంగళూరు, ఒకరు డాలస్. 2007 చట్టం ప్రకారం కన్నవాళ్లని పోషించకపోతే ట్రిబ్యునల్ నెలకి 10,000 దాకా ఇప్పిస్తుంది, రాత్రి రెండింటికి పక్కకి తిప్పే మనిషిని ఏ ట్రిబ్యునలూ ఇప్పించలేదు.

2025 జనవరిలో ఆంధ్రాలో ఆ 15,000 పెన్షన్ తీసుకునేవాళ్ల ఇళ్లకి డాక్టర్ల టీములు వెళ్లాయి, అర్హులా కాదా చూడ్డానికి. అంటే మంచం దగ్గరికెళ్లి మనిషిని చూసి లెక్కగట్టడం మనకి చేతనవుతుంది. అదే టీము చేతిలో ఇంకో కాయితం కూడా ఉండాలి, ఈ మనిషికి ఏమేం కావాలి, చూసుకునేది ఎవరు, ఆ చూసుకునే మనిషి రాత్రి ఎన్ని గంటలు పడుకుంటోంది అని రాసుకోవడానికి.