నొప్పి లేని రోజు గురించి అడుగుదాం

పోయిన దసరాకు హనుమకొండ వెళ్లాను. సద్దుల బతుకమ్మ నాడు మా అక్క పొద్దున్నుంచీ గునుగు కాడలు సమంగా కత్తిరిస్తూ, వరుస వరుసకూ మధ్య తంగేడు పేరుస్తూ కూర్చుంది. మోకాలెత్తు బతుకమ్మ తయారైంది. సాయంత్రం అందరం పద్మాక్షి గుట్టకు బయల్దేరుతుంటే దాన్ని కోడలి చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

"తల నొస్తుందా అక్కా?" అని అడిగాను.

"ఇప్పుడైతే లేదు తమ్మీ. ఆ డీజే సప్పుడుకు లేస్తే ఎట్ల? లేస్తే మూడు రోజులు మంచం దిగను."

ఆ రోజు ఆమెకు నొప్పి లేదు. అయినా పండుగ పోయింది.

పార్శ్వపు నొప్పి, అంటే మైగ్రేన్, మందు పడకపోతే 4 నుంచి 72 గంటల దాకా ఉంటుంది. కణత దగ్గర పోటు, వాంతి, వెలుతురు పడదు, చప్పుడు పడదు. ఆడవాళ్లలో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. ఇది నరాలకు, మెదడుకు సంబంధించిన జబ్బు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఊరికి దూరంగా ఉన్న మనం ఫోన్ చేసి "టెన్షన్ పెట్టుకోకు, అదే తగ్గుతుంది" అంటాం. అక్కడ మంచం మీద ఉన్న మనిషికి అది "నీ నొప్పి ఉత్తదే" అన్నట్టు వినిపిస్తుంది. నేనూ ఏళ్ల తరబడి అదే అన్నాను. తప్పు చేశాను.

అలాగని ఆలోచనలకు ఇందులో పాత్ర లేదని కాదు. నొప్పి గురించి మనిషి ఎలా ఆలోచిస్తాడో కొలవడానికి 1995లో మనస్తత్వవేత్త మైఖేల్ సలివన్ బృందం 13 వాక్యాల ప్రశ్నావళి తయారు చేసింది. అది పట్టుకునేవి మూడు: నొప్పినే పదే పదే తలపోయడం, ఇదేదో ఇంకా పెద్దదానికి దారి తీస్తుందని భయపడటం, నా చేతుల్లో ఏమీ లేదనుకోవడం. మైగ్రేన్ ఉన్నవాళ్లలో ఈ ఆలోచనలు ఎంత బలంగా ఉంటే దిగులు, ఆందోళన అంత ఎక్కువగా కనిపిస్తాయి. వీటిని బలహీనత అంటే నేను ఒప్పుకోను. ఇరవై ఏళ్లు దెబ్బలు తిన్న మనిషికి చెయ్యి లేస్తేనే ఒళ్లు ముడుచుకుంటుంది.

ఆ భయమే ఇంకో చోటికి తోస్తుంది. నొప్పి రాకముందే గోలీ. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులో అంతకంటే ఎక్కువో వాడుతూ పోతే, ఆ మాత్రల వల్లనే తలనొప్పి పట్టుకుంటుంది. మా అక్క కొంగు ముడిలో ఎప్పుడూ రెండు గోలీలు ఉంటాయి.

కాబట్టి న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లినవాళ్లు సైకాలజిస్టు దగ్గరికీ తీసుకెళ్లాలి. ఆలోచనల తీరు మార్చే సీబీటీ అనే మాటల చికిత్స, ఒళ్లు వదులు చేసే సాధనలు మందులతో పాటే పనిచేస్తాయి. ఊళ్లో "పిచ్చి డాక్టరా?" అంటారని వెనకాడుతారు. అలాంటప్పుడు 14416కు ఫోన్ చేయమనండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

మనవైపు నుంచి నేను కోరేది ఒక్కటే. "తగ్గిందా? ఇంకా ఉందా?" అని అడిగిన ప్రతిసారీ ఆమె మనసును మళ్లీ ఆ కణత దగ్గరికే తీసుకుపోతున్నాం. పోయిన ఆదివారం అలా అడగలేదు. "నిన్న ఏం చేసినవ్ అక్కా?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత డాబా మీద పెట్టిన బచ్చలి తీగ గురించి చెప్పడం మొదలుపెట్టింది.