పదేళ్ల పిల్లకు పాతిక వేల సూటా?

ఈ వారంలో నాలుగోసారి అదే మెసేజ్ వచ్చింది. మొదట మా అమ్మాయి స్విమ్మింగ్ పేరెంట్స్ గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆ తర్వాత మా బావగారి నుంచి, నిన్న రాత్రి మా పిన్ని నుంచి. "చదువమ్మా, పాపకు పనికొస్తుంది" అని కింద ఒక ముక్క కూడా రాసింది పిన్ని. మెసేజ్ పేరు "ఈతలో గెలిచేది మనిషి కాదు, సూట్".

చదవనివారి కోసం అందులో ఉన్నది చెబుతాను. 2008 బీజింగ్ ఒలింపిక్స్ కోసం నాసా ఒక సూట్ తయారుచేసిందట. అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ 8 బంగారు పతకాలూ దాని పుణ్యమేనట. తర్వాత దాన్ని నిషేధించి ఆ రికార్డులన్నీ కొట్టేశారట. అందరూ వేసుకుంటే అందరికీ సమానమే కాబట్టి ఆ నిషేధమే అన్యాయమట. చివరి మాట: మీ పిల్లలు పోటీల్లో వెనకబడుతుంటే ముందు మంచి సూట్ కొనండి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేదు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

నాసా సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. ఆ సూట్ పేరు ఎల్‌జెడ్ఆర్ రేసర్, చేసింది స్పీడో కంపెనీ. ఏ బట్ట మీద రాపిడి తక్కువో నాసా వాళ్ల లాంగ్లీ కేంద్రంలో పరీక్షించారు. నాసా పాత్ర అంతవరకే.

రికార్డులు కొట్టేశారన్నదీ తప్పే. 2009 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌కు చెందిన అలైన్ బెర్నార్డ్ 100 మీటర్ల ఫ్రీస్టైల్ 46.94 సెకన్లలో ఈదితే, అతను వేసుకున్న సూట్‌కు అప్పటికి అనుమతి లేదని దాన్ని రికార్డుగా ఒప్పుకోలేదు. అలాంటివి వేరు. ఒకసారి ఒప్పుకున్నవాటిని మాత్రం నిషేధం వచ్చిందని చెరిపేయలేదు. 2009లో రోమ్ ప్రపంచ పోటీల్లో బ్రెజిల్ ఈతగాడు సీజర్ సియెలో అదే 100 మీటర్లలో నెలకొల్పిన 46.91 సెకన్ల రికార్డు 13 ఏళ్లు నిలిచింది. 2022లో అదే రోమ్‌లో డేవిడ్ పోపోవిచ్ అనే 17 ఏళ్ల కుర్రాడు, మామూలు బట్ట సూట్‌తో, దాన్ని 46.86కి దించాడు.

ఇక ఫెల్ప్స్. బీజింగ్‌లో అతను వేసుకున్నది ఆ సూటే, అందులో దాపరికం లేదు. కానీ అంతకు ముందు ఏడాది మెల్‌బోర్న్ ప్రపంచ పోటీల్లో అతను 7 బంగారు పతకాలు గెలిచాడు. అప్పటికి ఎల్‌జెడ్ఆర్ మార్కెట్లోకే రాలేదు. నిషేధం తర్వాత 2012 లండన్‌లో 4, 2016 రియోలో 5 బంగారు పతకాలు. బీజింగ్ 200 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్లో గాగుల్స్‌లోకి నీళ్లు వచ్చి కళ్లు కనిపించకపోయినా స్ట్రోకులు లెక్కపెట్టుకుంటూ ప్రపంచ రికార్డుతో గెలిచాడు. ఎదుటి గోడ ఎన్ని స్ట్రోకుల దూరంలో ఉందో ఏ సూటూ చెప్పదు.

అన్నిటికంటే పసలేనిది, అందరూ తలాడించేసేది నాలుగో మాట. అందరూ వేసుకుంటే అందరికీ సమానమే అన్నది. మా బావగారు ఇంజినీరు, ఆయన కూడా "లాజిక్ కరెక్టే కదా" అన్నారు. కాదు బావగారూ.

ఆ సూట్ చేసే పని చూడండి. అందులో వాడే పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్‌లాంటి పదార్థం నీళ్లు పీల్చదు. లోపల కాస్త గాలి చిక్కుకుంటుంది, దాంతో ఒళ్లు కొంచెం పైకి తేలుతుంది. పైగా ఒంటిని గట్టిగా బిగించి పడుతుంది కాబట్టి కండ అల్లాడదు. పొట్ట, నడుము కండరాల బలంతో ఒంటిని నీటిమీద తిన్నగా నిలపడం ఈతలో సగం విద్య. మా పిల్లల కోచ్ రోజూ అరిచేది "హిప్స్ పైకి, హిప్స్ పైకి" అనే. చివరి 50 మీటర్లలో అలసట రాగానే నడుము కిందికి జారుతుంది, వేగం చచ్చిపోతుంది. ఆ సూట్ జారనివ్వదు. అంటే ఎవరి నడుము ఎక్కువ జారుతుందో వాళ్లకే ఎక్కువ లాభం. ఏళ్ల తరబడి కష్టపడి ఆ విద్య నేర్చుకున్నవాడికి తక్కువ లాభం. పరీక్షలో అందరికీ తలా 10 గ్రేస్ మార్కులు కలిపితే ర్యాంకులు మారవు. ఒకరికి 4, ఇంకొకరికి 14 కలిపి అందరికీ కలిపాం కదా అంటే ఏ తల్లిదండ్రులు ఊరుకుంటారు?

ఇది నా ఊహ కాదు. 200 మీటర్ల ఫ్రీస్టైల్‌లో జర్మనీ ఈతగాడు పాల్ బీడర్‌మన్‌ను చూడండి. 2008 బీజింగ్‌లో అతని టైమింగ్ 1 నిమిషం 46.00 సెకన్లు, అయిదో స్థానం. ఏడాది తిరగకుండానే రోమ్‌లో పూర్తిగా పాలీయురేథేన్‌తో చేసిన అరీనా కంపెనీ సూట్ వేసుకుని 1 నిమిషం 42.00 సెకన్లలో ఈదాడు. ఆ స్థాయిలో సెకనులో కొద్ది భాగం తగ్గించడానికే ఎంతో కష్టపడాలి, అతనికి ఒక్క ఏడాదిలో 4 సెకన్లు తగ్గాయి! పాత ఎల్‌జెడ్ఆర్‌లో ఉన్న ఫెల్ప్స్ 1 నిమిషం 43.22తో ఓడిపోయాడు. ఇక ఆ సూట్లు లేని 2011 షాంఘై ప్రపంచ పోటీలకు రండి. ర్యాన్ లాక్టీ 1:44.44, ఫెల్ప్స్ 1:44.79, బీడర్‌మన్ 1:44.88. రోమ్ టైమింగ్‌తో పోలిస్తే ఫెల్ప్స్ కోల్పోయింది ఒకటిన్నర సెకను, బీడర్‌మన్ కోల్పోయింది దాదాపు 3. ఆ తేడా మొత్తం సూట్‌దే అనను, ఆ ఏళ్లలో ఫెల్ప్స్ సాధన కూడా తగ్గింది. కానీ సూట్ అందరికీ ఒకేలా పనిచేసిందని ఈ అంకెలు చూశాక ఎవరూ అనలేరు. బీడర్‌మన్ నిజాయితీపరుడు. సూట్ తేడా చూపించిందని గెలిచిన రోజే ఒప్పుకున్నాడు.

రోమ్‌లో ఎనిమిది రోజుల్లో 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. షాంఘైలో రెండంటే రెండే. అంతర్జాతీయ ఈత సమాఖ్యలో నిషేధం కావాలని పడ్డ ఓట్లు 168, వద్దని పడ్డవి 6. 2010 జనవరి 1 నుంచి బట్ట సూట్లే వేసుకోవాలి. మగవాళ్లకు నడుము నుంచి మోకాలి వరకు, ఆడవాళ్లకు భుజం నుంచి మోకాలి వరకు.

మరి గాగుల్స్, కొత్త స్టార్టింగ్ బ్లాకులు (దూకడానికి నిలబడే దిమ్మెలు) టెక్నాలజీ కాదా అని అడిగేవాళ్లున్నారు. టెక్నాలజీయే. కానీ బ్లాకు ఎనిమిది లేన్లకూ ఒకటే. ఎవరూ ఇంటి నుంచి తెచ్చుకోరు, దాన్ని కాలితో తన్నాల్సింది ఈతగాడే.

ఇంత కోపం ఎందుకంటే ఆ చివరి వాక్యం వల్ల. పోయిన నెల మీట్‌లో మా అమ్మాయి 50 మీటర్ల ఫ్రీస్టైల్‌లో ఆరో స్థానంలో వచ్చింది. కారెక్కాక అడిగింది: "అమ్మా, నాకు ఆ సూట్ లేదు కాబట్టే ఓడిపోయానా?" దానికి పదేళ్లు. ఆ రోజు అది టర్న్ దగ్గర తడబడింది. డైవ్‌లో తల ముందే ఎత్తేసింది. ఈ రెండూ సరిచేసుకోగలిగినవి. పక్క పిల్ల ఒంటి మీదున్న పాతిక వేల సూట్ మా అమ్మాయి సరిచేసుకోగలిగినది కాదు. పిల్ల మెదడులో ఏది నాటుతున్నాం మనం? ఫార్వర్డ్ నొక్కేముందు ఒక్క నిమిషం ఆలోచించడానికి అంత కష్టమా?

అమెరికాలో ఈత సంఘం 2020 సెప్టెంబరు నుంచి 12 ఏళ్లు, అంతకు లోపు పిల్లలకు పోటీల్లో టెక్ సూట్లు, అంటే వేగం కోసం చేసే ఖరీదైన బిగుతు సూట్లు, నిషేధించింది. డబ్బుకు లోటు లేని దేశం, ఫెల్ప్స్ పుట్టిన దేశం. అక్కడే వద్దన్నదాన్ని మనం అప్పు చేసి కొంటున్నాం.

ఒక విషయం మాత్రం నేనూ ఒప్పుకోవాలి. 2010 నిషేధంతో అన్యాయం మొత్తం పోలేదు. ఇప్పటి బట్ట సూట్లు కూడా వేగం ఇస్తాయి, ధర వేలల్లో ఉంటుంది, కొద్ది పోటీలకే బిగువు తగ్గిపోతుంది. మా బ్యాచ్‌లో ఆటో నడిపే నాన్న ఉన్న ఒక అబ్బాయి రాష్ట్రస్థాయికి వెళ్లాడు. అక్కడ సెకనులో వందో వంతుల తేడాతో ఫైనల్ పోతే సూట్ వల్ల కాదని వాడికి నేను ఏ ముఖంతో చెప్పను? ఆ వయసులో, ఆ స్థాయిలో సూట్ లెక్కకు వస్తుంది. సూట్ కోసం మీరు దాచిన డబ్బు ఉంటే, గ్రూపులో అందరం కలిసి వాడికి ఒకటి కొందాం. సైజు నేను కనుక్కుంటాను.