మెట్లెక్కి ఫోటో దిగి వెనక్కి వచ్చేసేవాళ్ళకి, ఫిలడెల్ఫియా గురించి

న్యూజెర్సీలోనో డెలావేర్‌లోనో ఉన్న మనవాళ్ళింటికి ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే ఫిలడెల్ఫియా ట్రిప్ ఒకటి ఖాయం. ఆ ట్రిప్ ఎలా సాగుతుందో కూడా ఖాయమే. శనివారం తీరిగ్గా టిఫిన్లు కానిచ్చి, పులిహోర డబ్బా కట్టుకుని, పదకొండున్నరకి ఊళ్ళోకి దిగుతారు. పార్కింగ్ కోసం ముప్పావుగంట చక్కర్లు. లిబర్టీ బెల్ దగ్గర లైన్లో నిలబడి గంట పక్కన ఒక ఫోటో. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన జరిగిన ఇండిపెండెన్స్ హాల్‌కి టికెట్లు అయిపోయాయంటే బయట నిలబడి రెండో ఫోటో. కారెక్కి ఆర్ట్ మ్యూజియం మెట్ల మీద 'రాకీ' సినిమా హీరోలా చేతులు పైకెత్తి మూడోది. ఐదింటికల్లా హైవే మీద. పైగా ఓ తీర్పు: "ఫిల్లీలో ఏముందండీ, సగం రోజు చాలు."

సగం రోజు చాలింది ఆ ప్లానుకి, ఊరికి కాదు. ఆ మూడు ఫోటోల్లో ప్రతిదాని వెనకా అసలు చూడాల్సింది ఒకటి ఉంటుంది. మనవాళ్ళు సరిగ్గా దాని ముందు నిలబడి, దానికి వీపు పెట్టి ఫోటో దిగి వస్తున్నారు.

ముందు కారు సంగతి. ఈ ఊళ్ళో కారు మోయక్కర్లేని బరువు. వీధి పక్కన ఉండే పార్కింగ్ బోర్డు చదవడానికే ఒక డిగ్రీ కావాలి, అది తప్పు చదివినవాళ్ళని వదలకపోవడంలో ఈ ఊరికి పెద్ద పేరు. ఎడిసన్ వైపు నుంచి వచ్చేవాళ్ళు ట్రెంటన్ దాకా న్యూజెర్సీ ట్రాన్సిట్‌లో వచ్చి, అదే స్టేషన్‌లో సెప్టా రైలు మారి జెఫర్సన్ స్టేషన్‌లో దిగితే సరిపోతుంది. ఎక్స్‌టన్, మాల్వర్న్ వాళ్ళకి థార్న్‌డేల్ లైను తిన్నగా ఊరి మధ్యకే వస్తుంది. చెర్రీ హిల్, వూర్‌హీస్ వాళ్ళకి పాట్కో రైలు ఉండనే ఉంది. 2025లో మళ్ళీ తెరిచిన ఫ్రాంక్లిన్ స్క్వేర్ స్టేషన్‌లో దిగితే చారిత్రక ప్రాంతం నడక దూరమే. అయినా కారే కావాలంటే విజిటర్ సెంటర్ కిందనే ఉన్న అండర్‌గ్రౌండ్ గ్యారేజీలో పెట్టండి. సీట్లో బ్యాగు, చార్జరు లాంటివేవీ కనిపించేలా వదలకండి.

దారి తప్పుతామన్న భయం అక్కర్లేదు. 1682లో పెన్సిల్వేనియా వ్యవస్థాపకుడు విలియం పెన్ గళ్ళ నోటుబుక్కులా గీయించిన ఊరిది. డెలావేర్ నది నుంచి పడమటికి వీధులకి అంకెలు, అడ్డవీధులకి చెట్ల పేర్లు: చెస్ట్‌నట్, వాల్‌నట్, స్ప్రూస్, పైన్. ఇండిపెండెన్స్ హాల్ ఐదు, ఆరు వీధుల మధ్య. సిటీ హాల్ పద్నాలుగో వీధి ఉండాల్సిన చోట, దాన్నే బ్రాడ్ స్ట్రీట్ అంటారు. అక్కడి నుంచి ఆర్ట్ మ్యూజియానికి పార్క్‌వే మీద ఐమూలగా సుమారు ఒక మైలు. ఈ మూడూ బుర్రలో ఉంటే ఫోను తియ్యక్కర్లేదు.

ఇప్పుడు టికెట్లు. ఇండిపెండెన్స్ హాల్ ప్రవేశం ఉచితమే, కానీ టైము టికెట్ ఉండాలి. ప్రభుత్వ రిజర్వేషన్ సైట్‌లో ముందుగా తీసుకుంటే మనిషికి ఒక డాలరు ఫీజు. జనవరి, ఫిబ్రవరిలో మామూలుగా టికెట్ అడగరు. వేసవి శనివారం ఉదయం ఊళ్ళో దిగి "టికెట్లున్నాయా" అని అడగడమంటే పండగ ముందురోజు రిజర్వేషన్ లేకుండా సికింద్రాబాద్ స్టేషన్‌కి వెళ్ళడమే. పొద్దున తొమ్మిది, పదింటి మధ్య స్లాటు తీసుకోండి. అరగంట ముందే సెక్యూరిటీ లైన్లో ఉండండి. లిబర్టీ బెల్‌కి ఒక సెక్యూరిటీ, హాలుకి ఇంకొకటి, ఒకచోట దాటితే రెండోచోట చెల్లదు. బ్యాగులు ఎన్ని తక్కువైతే అంత మంచిది, జేబులో చిన్న చాకు కూడా కుదరదు. పెద్దవాళ్ళుంటే ముందే విజిటర్ సెంటర్‌లో బాత్రూం పని చూసుకుని రావాలి. ఈ చిన్న విషయం మరిచిపోయి టూర్ మధ్యలో బయటికి వచ్చేవాళ్ళు తక్కువేం కాదు.

హాల్లోకి వెళ్ళాక అందరూ టేబుళ్ళు, ఈక కలాలు ఫోటో తీస్తారు. వాటిలో చాలామటుకు ఆ కాలం నాటివే కానీ ఆ గదివి కావు. నిజంగా అప్పట్లో ఆ గదిలో వాడినది ఎదురుగా వేదిక మీద ఉన్న కుర్చీ. వీపు పైన సగం సూర్యుడు చెక్కి ఉంటాడు. 1787లో రాజ్యాంగ సభకి వాషింగ్టన్ అధ్యక్షుడిగా కూర్చున్నది అందులోనే. ఆ సూర్యుడు ఉదయిస్తున్నాడా, అస్తమిస్తున్నాడా అని అన్ని నెలలూ అనుకున్నానని, ఉదయించే సూర్యుడేనని ఇప్పుడు తెలిసిందని చివరి రోజున బెంజమిన్ ఫ్రాంక్లిన్ అన్నాడు. పక్కన పడమటి వింగ్‌లో 1752లో ఫిలిప్ సింగ్ చేసిన వెండి సిరాబుడ్డి ఉంది. స్వాతంత్ర్య ప్రకటన మీద, రాజ్యాంగం మీద సంతకాలకి వాడింది అదేనని చెప్తారు. గైడు టూర్ అయిపోగానే జనం గేటు వైపు పరిగెడతారు కాబట్టి ఆ వింగ్ ఖాళీగా ఉంటుంది. అక్కడే నిలబడి చూడండి.

ఇక గంట. బరువు 2,080 పౌండ్లు, అంటే దాదాపు 943 కిలోలు. 1752లో లండన్ నుంచి వచ్చింది, మొదటిసారి మోగించగానే పగిలింది. పాస్, స్టో అనే ఇద్దరు స్థానిక పనివాళ్ళు కరిగించి రెండుసార్లు మళ్ళీ పోతపోశారు. వాళ్ళ పేర్లు గంట మీదే ఉన్నాయి. "పెన్సిల్వేనియా"లో రెండు "ఎన్"లకి బదులు ఒకటే ఉంటుంది, అది తప్పు కాదు, అప్పట్లో అలా కూడా రాసేవాళ్ళు. అందరూ వేలు పెట్టి చూపించే ఆ వెడల్పాటి చీలిక మాత్రం పగులు కాదు, మరమ్మతు. సన్నని పగులు అంచులు ఒకదానికొకటి రాసుకుని జీరగా మోగకుండా 1846లో పనివాళ్ళు కావాలనే దాన్ని డ్రిల్లుతో వెడల్పు చేశారు. దగ్గరకెళ్ళి ఆ చీలిక లోపలి అంచులు చూడండి, డ్రిల్లు గాట్లు నలభైకి పైగా కనిపిస్తాయి. ఆ ఏడాది వాషింగ్టన్ పుట్టినరోజుకి మోగించగా ఇంకో పగులు బయల్దేరింది. వెంట్రుకలా సన్నగా, చీలిక పైనుంచి మొదలై "లిబర్టీ" అనే మాట మీదుగా పైకి పాకుతుంది. గంట నోరు మూయించింది ఆ రెండో పగులే. ఫోటోల్లో అదే పడదు.

ఇంకో మాట. 1776 జూలై 4న ఈ గంట మోగిందనడానికి ఆధారం లేదు, ప్రకటనని జనం ముందు చదివింది జూలై 8న. దీనికి "లిబర్టీ బెల్" అని పేరు 1830లలో బానిసత్వ వ్యతిరేకులు పెట్టారు. లైను మరీ పొడుగ్గా ఉంటే బాధపడకండి, చెస్ట్‌నట్ వీధి వైపు అద్దాల కిటికీలోంచి గంట రాత్రయినా కనిపిస్తుంది. గాట్లు చూడాలంటే మాత్రం లోపలికే వెళ్ళాలి.

గంట భవనానికి ఆనుకునే, ఆరో వీధి, మార్కెట్ వీధి మూల, ప్రెసిడెంట్స్ హౌస్ ఉన్న స్థలం. వైట్‌హౌస్ లేని రోజుల్లో, 1790 నుంచి 1800 దాకా, మొదటి ఇద్దరు అధ్యక్షులు వాషింగ్టన్, ఆడమ్స్ ఉన్న ఇల్లు అది. వాషింగ్టన్ ఆ ఇంట్లో తొమ్మిదిమంది బానిసలని ఉంచుకున్నాడు. బయటి నుంచి తెచ్చిన బానిస ఆరు నెలలు ఇక్కడ ఉంటే విడుదల కోరవచ్చని పెన్సిల్వేనియా చట్టం. అందుకని గడువు దాటకుండా వాళ్ళని మధ్యలో రాష్ట్రం బయటికి పంపి మళ్ళీ తెప్పించేవాడు. వాళ్ళలో ఓనా జడ్జ్ 1796లో తప్పించుకుని న్యూహాంప్‌షైర్ చేరింది, మళ్ళీ చిక్కలేదు. స్వేచ్ఛ పేరు పెట్టుకున్న గంటకి పది అడుగుల దూరంలో ఈ కథ. దీన్ని దాటుకుని సెల్ఫీకి పరిగెత్తేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది.

పాత ఊళ్ళో మిగతావి గబగబా. ఎల్‌ఫ్రెత్స్ అల్లీకి తప్పక వెళ్ళండి: 32 ఇళ్ళ రాళ్ళ సందు, ఇంకా జనం కాపురం ఉంటున్న ఇళ్ళు కాబట్టి కిటికీల్లోంచి తొంగిచూడకండి. పై అంతస్తు కిటికీల దగ్గర ఇనప కమ్మీకి బిగించిన అద్దాలు గమనించండి, తలుపు తట్టింది ఎవరో కిందికి దిగకుండానే చూసుకునే ఏర్పాటు. సీసీ కెమెరాకి తాత అన్నమాట. ఫ్రాంక్లిన్ సమాధి ఐదో వీధి, ఆర్చ్ వీధి మూల, కంచెలోంచే కనిపిస్తుంది. అదృష్టమని జనం దాని మీద చిల్లర విసురుతారు, ఆ రాయికి జరిగిన నష్టంలో ఆ నాణేల పాత్ర ఉంది, మీరు విసరకండి. బెట్సీ రాస్ ఇల్లు వదిలేసినా నష్టం లేదు. అమెరికా మొదటి జెండా ఆవిడే కుట్టిందన్న కథ 1870లో ఆవిడ మనవడు చెప్పినది, అంతకుముందు కాగితం ఆధారం లేదు.

డబ్బులు పెట్టి ఒక మ్యూజియమే చూడాలంటే కాన్‌స్టిట్యూషన్ సెంటర్‌కి కాకుండా మూడో వీధిలోని అమెరికన్ రివల్యూషన్ మ్యూజియానికి నా ఓటు. మొదటి దాంట్లో 42 కంచు విగ్రహాల గది బాగుంటుంది, పిల్లలు ఫ్రాంక్లిన్ పక్కన కూర్చోవచ్చు, మిగతాదంతా బోర్డులు చదవడమే. రెండో దాంట్లో యుద్ధంలో వాషింగ్టన్ పడుకున్న అసలు గుడారం ఉంది. చిన్న సినిమా వేసి, చివర్లో తెర వెనక దాన్ని చూపిస్తారు. ఫోటోలు తియ్యనివ్వరు. అదే మంచిది.

తిండికి పన్నెండో వీధి దగ్గర రీడింగ్ టెర్మినల్ మార్కెట్, 1893 నాటిది. జెఫర్సన్ స్టేషన్ నుంచి పైకొస్తే పక్కనే. పాతకాలపు పద్ధతుల్లో బతికే ఆమిష్ క్రైస్తవుల దుకాణాలు ఆదివారం మూసేస్తారు, కొన్ని సోమవారం కూడా. శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్తే కూర్చోవడానికి చోటు దొరకదు, పదకొండు లోపు వెళ్ళండి. చీజ్‌స్టేక్ అంటే సన్నగా తరిగిన గొడ్డుమాంసం, ఇంట్లో పెద్దవాళ్ళకి ముందే చెప్పండి. చికెన్‌తో కూడా చేస్తారు, కానీ చాలాచోట్ల పెనం ఒకటే. శాకాహారులకి వెన్నలో ముంచిన వేడి ప్రెట్జెల్, ఆ తర్వాత 1861 నుంచి నడుస్తున్న బాసెట్స్ ఐస్‌క్రీం.

సిటీ హాల్ దగ్గర తలెత్తి చూడండి. 548 అడుగులు, కట్టడానికి ముప్ఫై ఏళ్ళు, 1871 నుంచి 1901. ఉక్కు చట్రం లేదు, రాయి, ఇటుక గోడలే బరువు మోస్తున్నాయి, అడుగున 22 అడుగుల మందం. పైన 37 అడుగుల విలియం పెన్. ఆ విగ్రహం చేసినవాడు అలెగ్జాండర్ మిల్న్ కాల్డర్. పార్క్‌వే మీద నడుస్తుంటే లోగన్ సర్కిల్‌లో మూడు నదుల బొమ్మలతో ఉన్న ఫౌంటెన్ ఆయన కొడుకుది. ఆర్ట్ మ్యూజియం లోపల పెద్ద మెట్ల హాల్లో వేలాడే తెల్లని మొబైల్, అంటే గాలికి కదిలే శిల్పం, మనవడిది. మూడు తరాలూ ఒకే గీత మీద. పిల్లలకి ఇది ముందే చెప్పి నడిపిస్తే ఆ మైలు నడక మీద ఫిర్యాదులు తగ్గుతాయి.

దారిలో బార్న్స్ అనే ఆయన పోగేసిన బొమ్మల మ్యూజియం ఉంది. ఫ్రెంచి చిత్రకారులు రెన్వార్‌వి 181, సెజాన్‌వి 69 బొమ్మలు ఒక్కచోట. గోడ మీద పేర్ల చీటీలుండవు, బొమ్మల మధ్యలో పాత తాళాలు, తలుపు బందులు వేలాడుతుంటాయి, బార్న్స్ ఎలా తగిలించాడో అలాగే. మొదటి పావుగంట గజిబిజిగా ఉంటుంది, తర్వాత ఆ బందు వంపు పక్క బొమ్మలోని భుజం వంపులా కనిపించడం మొదలవుతుంది. చిన్నపిల్లలతో ఇక్కడికి కాకుండా ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళండి, లోపలికి నడిచి వెళ్ళే పెద్ద గుండె ఉంది. ఒంటరి ఖైదు కోసం 1829లో తెరిచిన ఈస్టర్న్ స్టేట్ జైలు కూడా దగ్గరే. గ్యాంగ్‌స్టర్ అల్ కపోన్ ఉన్న గది చూపిస్తారు. చలికాలంలో లోపల హీటింగ్ ఉండదు, కోటు విప్పకండి.

ఆఖరికి ఆ మెట్లు. 72. పరిగెత్తండి, చేతులెత్తండి, ఎవరూ కాదనరు. కానీ పైకెక్కినవాళ్ళలో పదిమందిలో తొమ్మిదిమంది ఊరి వైపు తిరిగి ఫోటో దిగి, తలుపు ముట్టుకోకుండా దిగిపోతారు. ఆ తలుపు లోపల మదురై మదనగోపాలస్వామి గుడి నుంచి వచ్చిన రాతి మండపం ఉంది. సుమారు 1560 నాటిది. అంటే విజయనగరం పంపిన తెలుగు నాయకులు మదురై ఏలుతున్న కాలం. లేపాక్షి మండపం చూసినవాళ్ళకి ఈ స్తంభాలు పరిచయం అక్కర్లేదు: రాతిలోంచి బయటికి అడుగేస్తున్నట్టు నిలువెత్తు బొమ్మలు, సింహాలు, పైన రామాయణ ఘట్టాలు. 1912లో మదురై వెళ్ళిన అడెలీన్ గిబ్సన్ అనే ఫిలడెల్ఫియా ఆవిడ ఆ రాళ్ళు కొని ఓడలో పంపించింది. ఆవిడ పోయాక 1919లో కుటుంబం మ్యూజియానికి ఇచ్చింది. గుడి రాళ్ళు అలా సముద్రం దాటడం సబబా అని అడగాల్సిందే, కానీ ముందు చూసి అడగండి. అక్కడ బెంచీ మీద మోకాళ్ళ నొప్పుల అమ్మని కూర్చోబెడితే ఏ స్తంభం మీద ఎవరున్నారో మనకంటే ముందు ఆవిడే చెప్తుంది.

ఆవిడ 72 మెట్లు ఎక్కక్కర్లేదు, పడమటి వైపు తలుపు దగ్గర కారు దింపేయొచ్చు. 18 ఏళ్ళు, అంతకు లోపు పిల్లలకి టికెట్ లేదు. శుక్రవారం సాయంత్రం ఐదు తర్వాత, నెలలో మొదటి ఆదివారం మీరు ఎంత ఇస్తే అంతే. మంగళ, బుధవారాలు ఇదీ మూతే, బార్న్స్ కూడా మూతే, బయల్దేరే ముందు వేళలు ఒకసారి చూసుకోండి. లోపలికెళ్ళి పెద్ద మెట్ల పైన బంగారు డయానా విగ్రహం దాటాక, ఏషియా గ్యాలరీలు ఎటని గార్డుని అడగండి.