ముందు వ్యాన్లు, తర్వాత చర్చలు

2025లో ఉగాది ఆదివారం వచ్చింది. ఇక్కడ అమెరికాలో మా అసోసియేషన్ హాల్లో పచ్చడి పంచుతుండగా అందరి ఫోన్లకూ వీడియోలు రావడం మొదలైంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ) పక్కనున్న కంచ గచ్చిబౌలిలో, రాష్ట్ర ప్రభుత్వం చెట్లు కొట్టించి చదును చేయిస్తున్న 400 ఎకరాల్లో వరసగా జేసీబీలు. వాటిని ఆపబోయిన హెచ్‌సీయూ పిల్లలను పోలీసులు ఈడ్చుకెళ్లి వ్యాన్లు ఎక్కిస్తున్నారు. 50 మందికి పైగా అదుపులోకి తీసుకున్నారు. పక్కనున్న పెద్దాయన "చదువుకోడానికి వెళ్లినవాళ్లకు ఈ గొడవలన్నీ ఎందుకమ్మా?" అన్నారు. పండగ పూట వాదన ఎందుకని ఊరుకున్నాను.

అసలు ఆ యూనివర్సిటీ ఎలా వచ్చింది? 1969లో తెలంగాణ విద్యార్థులు, 1972లో జై ఆంధ్ర అంటూ అటువైపు విద్యార్థులు రోడ్డెక్కారు. ఆ తర్వాత రెండు ప్రాంతాల మధ్య రాజీగా కుదిరిన ఆరు సూత్రాల పథకంలో హైదరాబాదుకు కేంద్ర విశ్వవిద్యాలయం ఒకటి. 1974లో అది మొదలైంది. ఆనాటి పిల్లలు బుద్ధిగా క్లాసుల్లోనే కూర్చుని ఉంటే ఆ క్యాంపసే లేదు. తెలంగాణ రాష్ట్రం కూడా ఉస్మానియా పిల్లలు లాఠీలకు, టియర్ గ్యాస్‌కు ఎదురు నిలిచాకే వచ్చింది. ఆ రాష్ట్ర ప్రభుత్వమే క్యాంపస్ పక్కన పోలీసులను దించడం నాకు మింగుడు పడలేదు.

ఆ 400 ఎకరాల మీద కేసు ఏళ్ల తరబడి నడిచింది. 2024లో సర్కారే గెలిచింది. దాంతో నాకు పేచీ లేదు. కానీ పిల్లలు అడిగింది చెట్లు, చెరువులు, నెమళ్లు, జింకల గురించి. దానికి పట్టా చూపిస్తే జవాబు ఎలా అవుతుంది? అసెంబ్లీలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అక్కడ పులులూ జింకలూ లేవని, అడ్డుపడుతున్నది గుంటనక్కలని అన్నారు. ఇరవై ఏళ్ల పిల్లలు ఆ మాట ఎలా విన్నారో!

ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. అప్పటికే సుమారు 100 ఎకరాల్లో చెట్లు పోయాయి. ఆ తర్వాతే చర్చల కోసం మంత్రుల కమిటీ వేశారు. ఏప్రిల్ 7న ఉపముఖ్యమంత్రి భట్టి విక్రమార్క విద్యార్థుల మీద కేసులు ఎత్తేయమన్నారు. మంచి పనే. కానీ ఆ కమిటీని మార్చిలోనే వేసి, పిల్లలను పిలిచి కూర్చోబెట్టుకుని ఉంటే కేసులూ ఉండేవి కావు, ఆ చెట్లూ ఉండేవి.

ఇక్కడ అమెరికాలో 2024లో గాజా యుద్ధం మీద నిరసనగా క్యాంపస్‌లలో టెంట్లు వెలిసినప్పుడు, మరుసటి ఏడాది విద్యార్థుల వీసాలు రద్దవుతున్నప్పుడు మనమూ పిల్లలకు ఫోన్లు చేసి "నువ్వు మాత్రం వెళ్లకు" అన్నాం. నేనూ అన్నాను, టెన్షన్‌తో. గచ్చిబౌలి పిల్లల ఇళ్ల నుంచీ అవే ఫోన్లు వెళ్లి ఉంటాయి. అయినా వాళ్లు వెళ్లి నిలబడ్డారు. ఈ సంచిక అచ్చయ్యాక ఒక కాపీ ఆ పెద్దాయనకు నేనే తీసుకెళ్లి ఇస్తాను.