సవరణ: యూరప్ రోబోలకు హక్కులు ఇవ్వలేదు

కృత్రిమ జీవుల హక్కుల మీద నిన్న పెట్టిన పోస్టులో "యూరప్ రోబోలను వ్యక్తులుగా గుర్తించింది" అన్న వాక్యాన్ని ఇలా మార్చి చదవండి: బాగా తెలివైన రోబోలకు మున్ముందు 'ఎలక్ట్రానిక్ వ్యక్తి' హోదా ఇచ్చే విషయం పరిశీలించమని 2017 ఫిబ్రవరిలో యూరోపియన్ పార్లమెంటు, చట్టాలను ప్రతిపాదించే యూరోపియన్ కమిషన్‌ను కోరింది. అది చట్టం కాలేదు. పైగా అక్కడ అసలు చర్చ హక్కుల గురించి కాదు, రోబో వల్ల నష్టం జరిగితే ఎవరు భరించాలన్నదాని గురించి.

మనిషి కానిదాన్ని చట్టం వ్యక్తిగా చూడటమన్న ఆలోచన తిరుపతి వాళ్లకు కొత్త కాదని ఆ పోస్టులో అన్న మాట మాత్రం అలాగే ఉంచుతున్నాను. గుడిలో ప్రతిష్ఠించిన దేవుడు మన చట్టం దృష్టిలో వ్యక్తే. ఆయన పేరున ఆస్తి ఉంటుంది, దావా వేయొచ్చు. కానీ ఆ హోదాకూ నొప్పికీ సంబంధం లేదు. నిజంగా బాధపడే యంత్రమే వస్తే, జంతువులపై క్రూరత్వాన్ని ఆపే 1960 చట్టం లాంటిది కావాలి. అలాంటి యంత్రం ఏ ఏడాదికి వస్తుందో నిన్నటి పోస్టులో చెప్పిన వాక్యం తీసేశాను.